ఆరు కణుపుల కట్టె

నిరుడు మే పదకొండున మా మామ హేమ్లా కుడికాలు కారు ఫ్లోర్‌లోంచి రోడ్డు మీదికి దిగింది. కారేపల్లి రైల్వే గేటు దగ్గర బ్రేకు తొక్కితే కాలి కింద రేకు ఊడిపోయింది. చెప్పు రోడ్డు మీద పడింది. ఆయన బండి ఆపి, దిగి, చెప్పు వెతుక్కుని తొడుక్కున్నాడు. తర్వాత బానెట్ మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

మెకానిక్ బలరాం కిందికి దూరి, సుత్తితో నాలుగు చోట్ల కొట్టి, బయటికి వచ్చాడు.

"మామా, పైన రంగున్నది. కింద బండి లేదు."

"వెల్డింగ్ పెట్టు."

"వెల్డింగ్ ఇనుముకు పెడ్తరు. తుప్పుకు పెట్టరు."

"మరి ఇసొంటిదే ఇంకోటి?"

"ఎయిట్ హండ్రెడ్ బందయి పదకొండేండ్లాయె. ఇంక జెయ్యరు గద."

మామ "మస్తు మందికి పనికొచ్చే బండిని ఎందుకు బంద్ జేసిన్రు?" అని అడిగాడు. బలరాం సుత్తి సంచిలో వేసుకున్నాడు.

అది రెండువేల ఏడు నాటి మారుతి ఎయిట్ హండ్రెడ్. మాది కారేపల్లి అవతల అడివి అంచున తండా. నేను అక్కడి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని. తండా నుంచి అడివిలోకి నాలుగు కిలోమీటర్లు పోతే కోయవాళ్ళ ఊరు, వాగుగుంపు. దారి మొదట్లో రోడ్డు పక్కనే రెండు కడీ రాళ్ళు పాతి ఉంటాయి. ఛాతీ ఎత్తు రాళ్ళు. అటూ ఇటూ కందకం.

వాటిని పాతింది గుంపువాళ్ళే. ఏడేండ్ల కింద వాళ్ళ వాగులోకి ఇసుక ట్రాక్టర్లు మరిగాయి. అడ్డంపోతే ఒక దూడను తొక్కించి పోయారు. గుంపు పెద్ద పగిడయ్య మామకు కబురు పెట్టాడు, బండి తీసుకుని రమ్మని. మామ పోతే, బండిని దారి మధ్యలో నిలబెట్టమన్నాడు. అటు పక్క పిడికెడు సందు, ఇటు పక్క పిడికెడు సందు విడిచి రాళ్ళు పాతారు. ముత్యాలమ్మకు కోడిని కోసి, రాళ్ళకు పసుపు రాశారు.

"నీ బండి పట్టాలె. ఇంక ఏ బండీ పట్టొద్దు" అన్నాడు పగిడయ్య.

పసుపు రాసిన రాయిని ఒక్కరు జరపడానికి లేదు. కొత్త పంటకు చేసే కొత్తల పండగనాడు గుంపంతా కూర్చుని సరే అంటేనే జరపాలి. అంబులెన్సు రాళ్ళ దాకా వచ్చి ఆగుతుంది. ఆటో సందులో పడుతుంది కానీ, ముందు చక్రం రాళ్ళదారిలో ఇరుక్కుంటుంది. మామ బండి ఒక్కటే గుంపు దాకా పోయేది. నేను ఉద్యోగంలో చేరిన ఎనిమిదేండ్లలో ఆ బండి పంతొమ్మిది మంది గర్భిణులను బయటికి తెచ్చింది. ఏడుగురికి దారిలోనే కాన్పు అయింది. ఒక పిల్లవాడికి మారుతి అని పేరు పెట్టుకున్నారు.

ఆ వేసవిలో నా రిజిస్టర్‌లో పగిడయ్య చిన్న కూతురు భవాని ఉంది. ఇరవై రెండేళ్ళు, మొదటి కాన్పు. తారీఖు సెప్టెంబరు నాలుగు. స్కానింగ్‌లో మాయ కిందికి ఉందని వచ్చింది. రక్తం కనపడితే గంటలో ఆపరేషన్ టేబుల్ మీద ఉండాలి. ఆ మాట ఆమె కార్డు మీద ఎర్ర పెన్నుతో రాశాను. ఇంట్లో కూడా చెప్పాను. అందుకే కొత్త బండి ఆగస్టుకు ముందే రావాలని మామ పట్టుబట్టాడు.

మర్నాడే ఆయన గొడ్డలి తీసుకుని రాళ్ళ దగ్గరికి పోయాడు. వెదురు కట్టె నరికి, రెండు రాళ్ళ మధ్య అడ్డంగా పెట్టి, సరిగ్గా సందంత కోశాడు. మూడున్నర మూరలు.

"టేపు లేదా నాన్నా?" అన్నాడు నా భర్త తిరుపతి. ఆయన కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్.

"టేపును చదవాలె. కట్టెను చదివే పని లేదు" అన్నాడు మామ. ఆయనకు చదువు రాదు. కండ్లకు పొర కూడా మొదలయింది.

ఆ కట్టె పట్టుకుని ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం. కట్టె నా దగ్గర ఉంది. కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి, కట్టెను చూశాడు.

"అమ్మా, ఇది ఆడకట్టెనా, మగకట్టెనా?"

"ఎందుకన్నా?"

"ఆడకట్టె అయితే ఫ్రీ. మగకట్టె అయితే టికెట్ గొట్టాలె."

బస్సంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. ఖమ్మం చేరేదాకా కట్టె నా ఒళ్ళోనే ఉంది. తోచక కణుపులు లెక్కపెట్టాను. ఆరు.

సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే చోట్లు మూడు తిరిగాం. మామ ప్రతి కారు ముందు వంగి, కట్టెను బంపరుకు అడ్డంగా పట్టేవాడు. కారు కట్టెను దాటి బయటికి ఉంటే ఇంకో కారు దగ్గరికి పోయేవాడు. కట్టె లోపల పట్టినవి రెండే దొరికాయి. ఒకటి వరదలో మునిగింది. ఇంకోదానికి కాగితాలు లేవు. మూడో చోట అమ్మేవాడు కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"పెద్దాయనా, కారు కొంటున్నవా, పాడె కడ్తున్నవా?"

మామ కట్టెను నా చేతికిచ్చి, "రెండిటికీ కొలత గావాలె గద సారూ" అన్నాడు.

జూన్‌లో పెనుబల్లిలో ఒక ఎయిట్ హండ్రెడ్ ఉందని తెలిసింది. వెంకటేశ్వరరావు అనే రిటైర్డ్ ఉద్యోగిది. పోయి చూశాం. షెడ్డులో గుడ్డ కప్పి ఉంది. మామ గుడ్డ తీయించాడు. చుట్టూ తిరిగి, పడుకుని కింద చూశాడు. తుప్పు లేదు. కట్టె పెట్టే పని కూడా లేదు.

"నడిపి చూడండి, దానికేవుంది" అన్నాడు వెంకటేశ్వరరావు. మామ తలుపు తీయగానే "ఒక్క నిమిషం" అని లోపలికి పోయి పేపరు తెచ్చి సీటు మీద పరిచాడు. మామ పేపరు మీద కూర్చుని వీధి చివరిదాకా పోయి వచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా పేపరు చప్పుడు వినపడింది.

"బాగుందా? అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు పెద్దవారు కాబట్టి ఇస్తున్నాను. ఏ పనికి వాడతారేంటి?"

మామ దాచే మనిషి కాదు. అడివి దారి, కడీలు, పంతొమ్మిది మంది, ఏడు కాన్పులు, అన్నీ చెప్పాడు. పిల్లవాడి పేరు మారుతి అని కూడా చెప్పాడు.

వెంకటేశ్వరరావు విని, "ఈ సీటు మీదేనా?" అన్నాడు.

"ఎనక సీటు సార్. గుడ్డ ఏస్తం. తర్వాత నేనే కడుగుత."

"లేదులెండి. ఇవ్వను."

"సార్, పైసలు మీరు జెప్పినంత..."

"పైసల గురించి కాదయ్యా. అడివి జనం పురుళ్ళకా నా బండి? తుక్కు కింద అమ్ముకుంటాను గానీ."

ఆయన ముందు సీటు మీది పేపరు తీసి, మడతపెట్టి, గేటు పక్క చెత్తబుట్టలో వేశాడు. మేము ఇంకా గేటు దాటలేదు.

మామ దారిలో ఒక్క మాటే అన్నాడు. "ఆయన బండి, ఆయన ఇష్టం." ఖమ్మం బస్టాండులో తిరుపతి టీ చెప్పాడు. అక్కడ టీ గ్లాసు కింద పెట్టి, "ఇంక ఆ డబ్బా మాట ఎవరూ ఎత్తొద్దు" అన్నాడు.

నాకూ ఆ మాట నచ్చింది. మా చెల్లె సోని పెళ్ళి ఆగస్టు పదహారున, వేంసూరులో. నిశ్చితార్థానికి మేం ఎయిట్ హండ్రెడ్‌లో పోతే పెండ్లికొడుకు వాళ్ళు దాన్ని కోళ్ళ షెడ్డు వెనక పెట్టించారు.

జులైలో ఒకరోజు పెరట్లో చిక్కుడు పాదుకు కొత్త ఊతం కనపడింది. వెదురు కట్టె. మా అత్త ద్వాలిని అడిగితే, "తిరుపతి తెచ్చి పెట్టిండు. ఎప్పుడు లేంది పాదు మీద మనసు మల్లింది నా కొడుకుకు" అంది. నేను పట్టించుకోలేదు.

జులై ఇరవై ఆరున మళ్ళీ ఖమ్మం పోయాం. ఈసారి షోరూం. తిరుపతి ముందే మాట్లాడి పెట్టుకున్న కారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఏసీ వేశారు. తలుపు వేస్తే బయటి చప్పుడు ఆగిపోయింది. అద్దంలోంచి చూస్తున్నాను. తిరుపతి కట్టె తెచ్చి కారు ముందు అడ్డంగా పట్టాడు. కట్టె కారుకన్నా రెండు వేళ్ళు ఎక్కువ ఉంది. మామ కట్టె మీద అరచెయ్యి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపాడు. ఆ చెయ్యి వెంట నేనూ చూశాను. కణుపులు లెక్కపెట్టాను. ఏడు.

మామ నా వైపు వచ్చి అద్దం మీద కొట్టాడు. అద్దం దించాను.

"ప్రమీలా, నా కండ్లు సరిగ లెవ్వు. నువ్వు జూసి జెప్పు బిడ్డా. పట్టిందా?"

తిరుపతి కట్టె దించకుండా నన్నే చూస్తున్నాడు.

"పట్టింది మామా" అన్నాను.

అద్దం పైకి ఎత్తాను.

ఇంటికి వచ్చాక పెరట్లోకి పోయి పాదు కింది కట్టె చూశాను. దానికి ఆరు కణుపులు. తర్వాత తిరుపతిని అడిగాను.

"కట్టె మార్చినవా?"

"ఎంత, బెత్తెడు. ఆగస్టు పదిహేడున గుంపుల కొత్తల పండగ. కోడిని గోయించి ఒక రాయి జరిపిస్త. పగిడయ్య కాదంటడా? ఏడేండ్లు మోసినం వాళ్ళను."

"పండగకు ముందే అవసరం పడితే?"

"సెప్టెంబర్ నాలుగని నువ్వే రాసినవ్ గద."

అవును, నేనే రాశాను. మళ్ళీ అడగలేదు.

పాత బండిని ట్రాలీ ఎక్కించి తీసుకుపోయారు. మామ దాని వెనక సీటు గుడ్డ ఉతికి, ఆరబెట్టి, మడిచి, కొత్త కారు డిక్కీలో పెట్టాడు. అదే రోజు కొత్త కారును గుంపుకు తీసుకుపోయి చూపిస్తానన్నాడు. వాన పడుతోంది, మట్టి అవుతుంది, పెండ్లి కానియ్యి అని తిరుపతి ఆపాడు.

ఆగస్టు ఐదున భవాని చెకప్‌కు సబ్‌సెంటర్‌కు వచ్చింది. నాలుగు కిలోమీటర్లు నడిచే వచ్చింది. కారు వాకిట్లో ఉంది. మామ తుడుస్తున్నాడు. ఆమె కారు చుట్టూ తిరిగి చూసి అడిగింది.

"మామా, ఇది మా కడీల మధ్య పడ్తదా?"

"కట్టె పెట్టి కొలిచినం బిడ్డా. నీకోసమే."

"అయితే నా బిడ్డకు ఏసీ అని పేరు పెట్టాలె." లోపలికి తొంగి చూసి నవ్వింది. "ఏసీ అంటే పోలీసు సారనుకుంటరేమో."

నేను బీపీ చూశాను. నూటపది, డెబ్బై. ఇప్పటి నుంచే కారేపల్లిలో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండమని జూన్ నుంచీ చెబుతున్నాను. ఆ రోజు కూడా చెప్పాను.

"ఎందుకు సిస్టర్? ఆమె ఇంట్ల కూసుంటే ఆమె మాటలు పడాలె. బండి మా వాకిట్లకే వస్తదంటున్నరు గద."

"వస్తది" అన్నాడు మామ బయటి నుంచి.

ఆమె నా వైపు చూసింది. నేను కార్డులో బరువు రాస్తున్నాను. యాభై నాలుగు కిలోలు. రాసి కార్డు ఇచ్చేశాను. ఆమె గొడుగు వేసుకుని పోయింది.

ఆగస్టు పన్నెండు, మంగళవారం. పది గంటల ఇరవై నిమిషాలకు గుంపు ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. భవానికి రక్తం పోతోంది. నొప్పులు లేవు. నేను ఇల్లెందు దవాఖానాకు ఫోన్ చేసి చెప్పాను. మామ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తిరుపతి డ్యూటీకి పోబోయేవాడు వెనక ఎక్కాడు.

దారిలో తిరుపతి "నాన్నా, కడీల కాడ మెల్లగ" అన్నాడు.

"ఏడేండ్లయింది, నాకు జెప్పకు."

ఆయన మెల్లగా పోలేదు. ఆ సందులో ఏనాడూ బండిని మెల్లగా పోనివ్వలేదు. రెండు రాళ్ళూ రెండు పక్కలా ఒకేసారి తగిలాయి. బంపరు పగిలింది. బండి రాళ్ళ మధ్య జానెడు దూరి ఆగిపోయింది.

"ఇదేంది?" అన్నాడు మామ.

దిగి, ఎడమ రాయి మీద చెయ్యి పెట్టాడు. కుడి రాయి మీద చెయ్యి పెట్టాడు. తిరుపతి బండి వెనక్కి తీస్తున్నాడు. నేను బ్యాగు తీసుకుని నడక మొదలుపెట్టాను. టైము పదీ యాభై.

రెండో కిలోమీటరు దాటాక మంచం ఎదురొచ్చింది. నలుగురు మోస్తున్నారు. పైన టార్పాలిన్. పగిడయ్య ముందు కాళ్ళ దగ్గర ఉన్నాడు. తల్లి ఎర్రమ్మ పక్కన నడుస్తూ చీరల మూటను కూతురి కాళ్ళ మధ్య ఒత్తి పట్టుకుని ఉంది. ఆ మూటలోంచి నీళ్ళు కాదు కారుతున్నది.

"కారేది?" అంది ఎర్రమ్మ.

"రోడ్డు మీద ఉంది."

"వాకిట్లకు వస్తదంటిరి గద."

నేను సెలైన్ పెట్టాను. సీసా పట్టుకుని మంచం పక్కన నడిచాను. భవాని కండ్లు తెరిచింది.

"సిస్టర్."

"చెప్పు."

"బండిల ఏసీ వెయ్యొద్దను. సలి వెడ్తంది."

పన్నెండు దాటి ఐదు నిమిషాలకు రాళ్ళ దగ్గరికి వచ్చాం. తిరుపతి, ఇద్దరు తండావాళ్ళు గడ్డపారలతో ఎడమ రాయి చుట్టూ తవ్వుతున్నారు. రాయి వేలెడు జరిగింది. మామ డిక్కీలోంచి గుడ్డ తీసి వెనక సీటు మీద పరిచి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆమెను పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో ఉంది. ముందు సీట్లో ఎర్రమ్మ కూర్చుంది.

ఇల్లెందు ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా నాకు నాడి దొరకలేదు. మెడ దగ్గర చూశాను. టైము పన్నెండూ ముప్పై ఒకటి. బిడ్డ గుండె అంతకు ముందే వినపడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. మామ దవాఖానా గేటు దాకా హారన్ కొడుతూనే ఉన్నాడు.

పద్నాలుగున మరణ నివేదిక నింపాను. ఆలస్యం ఎక్కడ జరిగిందనే చోట 'రవాణా' అని రాశాను. కారణం అనే చోట 'దారి సరిగా లేదు' అని రాశాను. డాక్టరు గారు చదివి సంతకం పెట్టారు.

పదహారున సోని పెళ్ళికి వేంసూరు పోయాం. తిరుపతి సీట్లు సబ్బు పెట్టి కడిగించాడు. బంపరుకు రంగు వేయించాడు. కారును మంటపం ముందే పెట్టించారు. మామ రాలేదు.

ఆ ఏడు గుంపులో కొత్తల పండగ జరగలేదు. పదకొండో రోజున మామ, షోరూంకు తీసుకుపోయిన కట్టెను ఇంటి షెడ్డులోంచి తీసుకుని పగిడయ్య దగ్గరికి పోయాడు. నేను వెంట పోయాను.  పగిడయ్యను వెంటబెట్టుకుని రాళ్ళ దాకా వచ్చి, కట్టెను రాళ్ళ మధ్య అడ్డంగా పెట్టబోయాడు. కట్టె పట్టలేదు. జరిగిన వేలెడు పోను, ఇంకా మూడు వేళ్ళు ఎక్కువ ఉంది. తిప్పి పెట్టాడు. మళ్ళీ పట్టలేదు.

"నేను తప్పు కోసిన పగిడన్నా" అన్నాడు. "నా చేతుల మీదనే పోయింది నీ బిడ్డ."

పగిడయ్య కట్టెను చూడలేదు. "వానకు రాళ్ళు లోపటికి వొరిగినయేమో లే అన్నా" అన్నాడు. గుంపు వైపు తిరిగి, "పొద్దువొయింది. ఇంటికి పో" అన్నాడు.

ఇంటికి వచ్చాక మామ అన్నం తినలేదు. తిరుపతి తింటున్నాడు. మామ గడపలో కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ప్రమీలా, నువ్వు నర్సువు. నా చేతులు జూడు. వణుకుతున్నయా?"

చూశాను. ఆ చేతుల్లో వణుకు లేదు.

"కట్టె గోసిననాడు వణికినయేమో బిడ్డా. నాకు యాదికి లేదు. గట్లనే అయివుంటది గద?"

తిరుపతి చెయ్యి పళ్ళెంలో ఆగింది. అత్త పొయ్యి దగ్గర నుంచి ఇటు చూసింది.

"అవ్ మామా" అన్నాను. "వయసుకు వణుకుతయి."

ఆయన తల ఊపాడు. జేబులోంచి కారు తాళం తీసి గోడ మేకుకు తగిలించాడు. తిరుపతి మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టాడు.

నేను పెరట్లోకి పోయాను. మామ స్నానానికి నీళ్ళు కాగాలి. వానకు కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. చిక్కుడు పాదు కింది వెదురు కట్టె పీకి, మట్టి దులిపి పెరట్లో నీళ్ళ పొయ్యిలో పెట్టాను. పాదు ఒక పక్కకు ఒరిగింది. వెదురు కణుపుకూ కణుపుకూ మధ్య గాలి ఉంటుంది. మంట తగిలితే పేలుతుంది. ఒకటి పేలింది. ఇంకోటి పేలింది. నేను కట్టెను లోపలికి తోస్తూ కూర్చున్నాను.

"ఏంది బిడ్డా ఆ సప్పుడు?" అన్నాడు మామ గడపలోంచి.

"వెదురు మామా" అన్నాను.

ఆరు కణుపుల మధ్య ఐదు గదులు. ఐదూ పేలేదాకా అక్కడే ఉన్నాను.